చదవని అయిదేళ్ళ ఫీజు

అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు తెల్లవారి లేచీ లేవగానే, మొహమైనా కడుక్కోకముందే, తన తోడల్లుడు ధర్మరాజు వాట్సాప్‌లో పెట్టిన స్టేటస్ చూస్తారు. ఈ ఆచారం ఏ కాలంలో మొదలైందన్న విషయమై ఆ ఇంట్లో రెండు వాదాలున్నాయి. ధర్మరాజు కొత్త కారు కొని, దానికి కట్టిన నిమ్మకాయలతో సహా ఫొటో పెట్టిన నాటిదని భార్య రాజ్యలక్ష్మి వాదం. అంతకంటే ప్రాచీనమని, కాట్రేనికోన చెరువుల్లో ధర్మరాజు మొదటి పంట రొయ్యలు పట్టిన నాటిదని కొడుకు నాగసతీష్ వాదం. ఏ పక్షం దగ్గరా గట్టి ఆధారాలు లేవు. చూసిన సంగతి అవతలివాళ్ళకి తెలియకుండా ఫోన్లో ఏదో మార్పు చేయించుకుని ఆయన ముందే జాగ్రత్తపడ్డారు. తమ ఘనకార్యాలకి శాసనాలు వేయించిన రాజులు చాలామంది ఉన్నారు గాని, శాసనం పడకుండా చూసుకున్న ఘనత ఈయన ఒక్కరిదే. ఆయన్నే అడిగితే, ఆ స్టేటస్సులూ అవీ చూసే తీరిక తనకెక్కడిదంటారు. అని ఊరుకోకుండా, కారుకి కట్టిన నిమ్మకాయల్లో ఒకటి కుళ్ళిందని కూడా చెబుతారు.

పేరు పొడుగైనది కాబట్టి ఇకనుంచి ఆయన్ని రావుగారందాం. ఊళ్ళోవాళ్ళూ అంతే అంటారు.

రావుగారూ ధర్మరాజూ ముక్తేశ్వరం వీరాయమ్మగారి అల్లుళ్ళు. పెద్దకూతురు రాజ్యలక్ష్మిని రావుగారు చేసుకున్నారు. రెండో ఆవిడ విజయదుర్గ ధర్మరాజు భార్య. పెళ్ళినాటికి ధర్మరాజు ఆస్తి అంతా కలిపి ఒక కువైట్ వీసా. ఆ రోజుల్లో అత్తవారింట రావుగారిది ఏకచ్ఛత్రాధిపత్యం. భోజనాల దగ్గర మొదటి వడ్డన ఆయనకి. పడమటి గాలి వచ్చే మంచం ఆయనది. తన పాత మోపెడ్‌ని తోడల్లుడికి దానం చేసినది కూడా ఆ స్వర్ణయుగంలోనే. తర్వాత ధర్మరాజు కువైట్ నుంచి తిరిగొచ్చి, కాట్రేనికోన దగ్గర చెరువులు కౌలుకి తీసుకుని రొయ్యలు వేశాడు. రొయ్యలు బతికాయి. అప్పటినుంచి వీరాయమ్మగారు రెండు చేతులతో రెండు గరిటెలు పట్టుకుని అల్లుళ్ళిద్దరికీ ఒకేసారి వడ్డించడం మొదలుపెట్టారు. ఆవిడ న్యాయబుద్ధిని ఊరంతా మెచ్చుకుంది. ఇద్దరినీ సమానంగా చూడడమంటే ఒకరికి తగ్గించడమేనని కనిపెట్టింది రావుగారొక్కరే.

అన్నిటికంటే ఇబ్బంది ఏమిటంటే, ధర్మరాజు మంచివాడు. రావుగారు గుమ్మంలోకి వస్తే లేచి నిలబడతాడు. అన్నయ్యగారూ అని తప్ప పిలవడు. ఆయన ఏం చెప్పినా చిత్తమన్నట్టు ఆయ్ అంటాడు. ఆ పాత మోపెడ్‌ని ఇప్పటికీ అమ్మకుండా షెడ్డులో దాచాడు. అసూయపడేవాడికి అవతలివాడు కాస్త పొగరుబోతైతే ఎంతో సాయంగా ఉంటుంది. ధర్మరాజు ఆ పాటి సాయం కూడా చెయ్యలేదు.

ఈ నేపథ్యంలో చదువుల యుగం వచ్చింది. ధర్మరాజు కూతురు కావ్య, రావుగారి నాగసతీష్ ఒకే ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తిచేశారు. కావ్య ఫార్మ్‌డీలో చేరుతోందని, ఆరేళ్ళ చదువని, అయ్యాక పేరుకి ముందు డాక్టర్ అని వేసుకుంటారని ధర్మరాజు అత్తవారింట్లో చెప్పినప్పుడు రావుగారు మజ్జిగన్నంలో ఉన్నారు. అన్నం కలపడం ఆపకుండానే, మావాడూ అదే చదువుతున్నాడని ప్రకటించారు. ఆ సమయానికి మావాడు పక్కవిస్తరి ముందు కూర్చుని ఊరగాయ అడుగుతున్నాడు. తన భవిష్యత్తు నిర్ణయమైపోయిన సంగతి అతనికి ఊరగాయ వచ్చాక తెలిసింది.

కావ్య కాలేజీలోనే చేర్పిస్తే వెనకాల నడిచినట్టుంటుందని రావుగారు గోదావరి దాటి ఇంకో కాలేజీ వెతికారు. దాని విశిష్టత ఏమిటంటే, కావ్య కాలేజీ కంటే దీనికి ఒక అంతస్తు ఎక్కువ. మేనేజ్‌మెంట్ కోటాలో సీటు దొరికింది. చేర్చుకునేటప్పుడు కాలేజీవాళ్ళు టెన్త్, ఇంటర్ అసలు సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. అది అక్కడి ఆనవాయితీ. ఎద్దుని కొన్నవాడు పలుపు చేతిలో పట్టుకున్నట్టన్నమాట.

నాగసతీష్ ఒక ఏడాది చదివాడు. వేసవి సెలవులకి బాబాయిగారి చెరువులు నాలుగురోజులు చూసొస్తానని కాట్రేనికోన వెళ్ళి, సెలవులన్నీ అక్కడే ఉండిపోయాడు. కాలేజీ తెరిచారు. కుర్రాడు కదల్లేదు. అడగ్గా అడగ్గా, మందుల పేర్లు తలకెక్కడం లేదని, ఎంట్రన్స్ మళ్ళీ రాసేశానని, ర్యాంకు వచ్చిందని, ఫిషరీస్ కోర్సులో చేరతానని తల్లితో చెప్పాడు. తల్లి తండ్రితో చెప్పింది.

చదువు మానేశాడని రావుగారు పెద్దగా బాధపడలేదు. వ్యవసాయం చదువుతానంటే సంతోషించేవారు. పశువుల డాక్టరంటే సర్దుకునేవారు. ఏదీ చదవనని కొట్టు అరుగు మీద కూర్చున్నా, మొదట నాలుగు తిట్టి ఆనక మురిసిపోయేవారు. కాని ఫిషరీస్ అన్న మాటలో ఆయనకి చేపలు వినబడలేదు, ధర్మరాజు వినబడ్డాడు. ధర్మరాజుకి కారులో ఆధిక్యం ఇచ్చుకున్నారు. వడ్డన ఇచ్చుకున్నారు. ఇప్పుడు కొడుకుని కూడా ఇచ్చుకోవాలి.

అప్పటినుంచి ఆయన, ఇంటికి తిరిగొచ్చిన కొడుకుని గమనించడం మొదలుపెట్టారు. తనతో సరేనండి, ఆయ్ తప్ప ఇంకో మాట ఆడని కుర్రాడు, ఫోన్లో బాబాయితో అరగంటసేపు నవ్వుతూ మాట్లాడుతున్నాడు. రొయ్య మేత మానేస్తే ఎందుకు మానేసిందో, తెల్లవారుజామున నీళ్ళలో గాలి తగ్గితే ఏంచెయ్యాలో అన్నం తింటూ తల్లికి వివరిస్తున్నాడు. ఆవిడ వినడం చూసి రావుగారికి ఇంకా మండింది.

ఒకరోజు భార్య దగ్గర బయటపడ్డారు. "వీడు పుట్టినకాడినుంచీ మన అటక మీద కురిడీలున్నాయి. అవెందుకు పెడతారు నాన్నగారూ అని ఒక్కరోజైనా అడిగేడా?"

"మీరెప్పుడైనా చెప్పేరాండీ?" అంది రాజ్యలక్ష్మి.

కురిడీ అంటే తెలియనివాళ్ళ కోసం: ముదురు కొబ్బరికాయని ఒలవకుండా నెలల తరబడి అటక మీద నిలవబెడతారు. లోపలి నీళ్ళు నెమ్మదిగా ఇంకి, కొబ్బరి చిప్ప నుంచి విడివడి గుండులా తయారవుతుంది. అదే కురిడీ. మంచి ధర పలుకుతుంది. చెవి దగ్గర ఊపితే నీళ్ళ చప్పుడు పోయి గుండు కదిలే చప్పుడు రావాలి. ఆ చప్పుడు రాకముందే దింపి అమ్ముకునేవాళ్ళని రావుగారు సంతలో బాహాటంగా చులకన చేసేవారు. ఓపిక లేనివాడికి కొబ్బరెందుకు, పోయి రొయ్యలు పెంచుకోమనేవారు. ఎవరిని ఉద్దేశించి అంటున్నారో సంతలో అందరికీ తెలుసు.

రాజ్యలక్ష్మి పట్టు విడవలేదు. వారం రోజులు ఇంట్లో వంట మామూలుగానే జరిగింది గాని వడ్డించేటప్పుడు గరిటె చప్పుడు పెరిగింది. చివరికి రావుగారు దిగొచ్చారు. కుర్రాణ్ణి ఆ కోర్సులోనే చేర్పిస్తానన్నారు. అయితే ఒక షరతు. సీటు ఇప్పించేది తండ్రి. ఈ వ్యవహారంలో ధర్మరాజు చిటికెనవేలు కూడా తగలకూడదు. కొడుకు ఎటు వెళ్ళినా, పంపించినవాడు నాన్న అని వాడికి జీవితాంతం గుర్తుండాలి.

వచ్చే గురువారం కౌన్సెలింగ్. అసలు సర్టిఫికెట్లు చూపిస్తేనే సీటు. అవేమో పాత కాలేజీ బీరువాలో ఉన్నాయి.

రావుగారు ఇస్త్రీ పంచె కట్టి, తన పాత కారులో ఒక్కరే గోదావరి దాటారు. కాలేజీ ఆఫీసులో కృపారావు అనే గుమాస్తా ఆయన్ని మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మిగిలిన అయిదేళ్ళ ఫీజు కట్టి సర్టిఫికెట్లు పట్టుకెళ్ళమన్నాడు.

"చదవని చదువుకి ఫీజేవిటండీ?"

"మధ్యలో ఎవరూ చేరరు కదండీ. ఆ సీటు అయిదేళ్ళూ ఖాళీగా ఉండిపోద్ది."

"దింపని కాయలకి డబ్బడిగినట్టుందండీ ఇది."

"మాకు తోటలు లేవండి" అన్నాడు కృపారావు, ఏమాత్రం వెటకారం లేకుండా.

అప్పుడు రావుగారు తన జీవితకాలపు విద్యని ప్రయోగించారు. అంబాజీపేట బేరాల్లో ఒక శాస్త్రముంది. ధర కుదరకపోతే గొంతు పెంచకూడదు. సరేనండి, వస్తాం అని లేచి, కండువా దులిపి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోవాలి. పదడుగులు వెయ్యకముందే అవతలివాడు పిలుస్తాడు. పిలవకపోతే వాడు అసలు వ్యాపారి కాడు. ఈ పద్ధతిలో ఆయన ఎన్ని లారీల కాయలు అమ్మారో ఆయనకే లెక్కలేదు.

రావుగారు లేచారు, కండువా దులిపారు, నడిచారు. ఆఫీసు నుంచి గేటు దాకా పొడుగాటి దారి. మధ్యలో ఆగి, ఊడని చెప్పు తొడుక్కున్నారు. నోటీసు బోర్డు చదివారు. వనమహోత్సవంలో నాటిన మొక్కలకి ఎవరెవరు నీళ్ళుపోశారో తెలుసుకున్నారు. గేటు బయట బొండాల బండి దగ్గర ఒక బొండం కొట్టించుకుని, ఇది మా వైపు కాయ కాదని బండివాడికి చెప్పి, అయినా ఇంకోటి కొట్టించుకున్నారు. అంతలో లోపలినుంచి వాచ్‌మన్ పరుగులాంటి నడకతో వచ్చాడు. రావుగారి గుండె పొంగింది. కారు గేటుకి అడ్డంగా ఉందండి, బస్సులు రావాలి, కాస్త ముందుకి తియ్యండని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక రాజ్యలక్ష్మి ఒక సంగతి చెప్పింది. ఆ కాలేజీ ఛైర్మన్‌గారి బావమరిది చెరువులు ధర్మరాజు చెరువుల పక్కనేనట. ఒక్క మాట చెప్పిస్తే పనైపోతుందేమోనంది.

"నా కొడుకు సీటు ఆ రొయ్యల గుంటలోంచి వల వేసి తియ్యక్కర్లేదు" అన్నారు రావుగారు.

అయితే అయిదేళ్ళ ఫీజంటే మాటలు కాదు. బ్యాంకులో ఉన్నది తోట కౌలుకి పోయింది. మిగిలింది అటక. కురిడీలు తయారై దిగడానికి ఇంకా మూడు నెలలుంది. మర్నాడు పొద్దున్న అటక మీదినుంచి కాయలన్నీ దింపించారు.

కొన్నది త్రిమూర్తులు. ఎదుటి కొట్టాయన, రావుగారి చేత ఒకప్పుడు ఓపికలేనివాడనిపించుకున్నవాడు. అతను ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపాడు. నీళ్ళు తొణికాయి. ఇంకోటి ఊపాడు. అదీ తొణికింది. చుట్టూ ఉన్న ఒలుపువాళ్ళు కాయలు ఒలిచే పారలు ఆపి విన్నారు. త్రిమూర్తులు పచ్చికాయ ధర కట్టి డబ్బిచ్చి, పైగా టీ తెప్పించాడు. ఆ టీ రావుగారు తాగిన టీలన్నిటిలోకీ వేడి ఎక్కువ.

బుధవారంనాడు డబ్బు సంచితో మళ్ళీ కాలేజీకి వెళ్ళారు. కృపారావు గుర్తుపట్టి, సగం కడితే చాలండీ అన్నాడు.

రావుగారికి మొదట అర్థంకాలేదు. అర్థమయ్యేలోపు కృపారావు, రసీదు రాస్తూ మాటవరసకి, "మొన్న మీ తమ్ముడుగారంట, ధర్మరాజుగారని, వచ్చేరండి" అన్నాడు.

రావుగారి చెవుల్లో సముద్రం హోరు వినబడింది. విద్యాసంస్థల చరిత్రలో ఫీజు తగ్గించినందుకు ఒక తండ్రి దెబ్బలాటకి దిగిన సందర్భం బహుశా అదే మొదటిది.

"నాకు ఎవరి దయా అక్కర్లేదండి. పూర్తిగా కట్టించుకోండి."

"అలా కుదరదండి."

"నేనిస్తానంటుంటే మీకేవిటండీ కష్టం?"

"సగమని రాసేసేనండి. పైన పుచ్చుకుంటే ఏ పద్దులో వెయ్యమంటారు? ఆడిటర్‌గారు అడుగుతారండి."

కృపారావు బీరువా తాళం తీసి సర్టిఫికెట్ల కవరు బల్ల మీద పెట్టాడు. కొడుకు సీటు ఆ కవర్లో ఉంది. ధర్మరాజు ఉపకారం కూడా దానికి అంటుకునే ఉంది. రెండోదాన్ని విడదీసి మొదటిదాన్ని తీసుకునే మార్గం రావుగారికి తోచలేదు. సంతకం పెట్టారు.

అక్కణ్ణుంచి ఇంటికి పోకుండా తిన్నగా కాట్రేనికోన బయల్దేరారు. సంచిలో మిగిలిన సగం డబ్బు పక్కసీట్లో ధర్మరాజులా కూర్చుని ఉంది. దారిపొడవునా ఒక కృతజ్ఞతావాక్యం తయారుచేసుకున్నారు. వినడానికి దండంలా ఉండాలి, తగలడానికి చెప్పుదెబ్బలా ఉండాలి. మురమళ్ళ దాటేసరికి అది చక్కగా కుదిరింది.

చెరువుగట్టు మీద కారాపి దిగారు. చెరువులోకి వేసిన చెక్కవంతెన చివర నాగసతీష్ వంగి, నీళ్ళలోంచి మేత పళ్ళెం పైకి లాగుతున్నాడు. పక్కన ధర్మరాజు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటుతో. కుర్రాడు పళ్ళెంలో మిగిలిన మేత వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఏదో అన్నాడు. ధర్మరాజు తల అడ్డంగా ఊపాడు. కుర్రాడు కాదని ఇంకోసారి చూపించాడు. ఈసారి ధర్మరాజు ఒప్పుకున్నట్టున్నాడు, ఇద్దరూ నవ్వారు. తన కొడుకు ఒకరితో వాదించి గెలవడం రావుగారు చూడడం అదే మొదలు. తనతో వాడెప్పుడూ వాదించలేదు. వాదించనిచ్చినవాడు ధర్మరాజు. కారు చూసినప్పుడు కలిగిన మంట నిమ్మకాయంతదైతే, ఇది చెరువంతది.

ధర్మరాజు ఆయన్ని చూసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ గబగబా గట్టు మీదికి వచ్చాడు.

"సగం తగ్గించేరు. మీ దయ" అన్నారు రావుగారు. మురమళ్ళ దగ్గర కుదిరిన వాక్యంలో మిగిలింది అంతే.

"నేను వెళ్ళినమాట నిజమేనండి అన్నయ్యగారూ. వదినగారు బాధపడుతుంటే ఆగలేకపోయేను. పొద్దున్న వెళ్తే మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టేరండి. ఛైర్మన్‌గారు లోపలికి పిలవనే లేదు. బావమరిదిగారి పేరు చెబితే, ఆయనతో మాకు మాటల్లేవన్నారంట. ఆ గుమాస్తాగారికి నా పేరొకటి చెప్పి వచ్చేసేనండి."

"మరి ఎందుకు తగ్గించేరు?"

"మీరు బేరం తెంపుకుని గేటు దాకా వచ్చేసేరంట కదండీ. దానికే దిగుంటారు. ఆ విద్య మాకెక్కడిదండి? రొయ్య పట్టేకా ఆగదు. లారీవాడు ఎంతంటే అంతకి ఇచ్చేసి దండం పెట్టాలి. మీ కురిడీ అలాక్కాదు, ధర వచ్చేదాకా అటక మీద కూర్చుంటాది. మందులకనీ మేతకనీ నాకు నిద్రుండదు. మిమ్మల్ని చూస్తే ఎప్పుడూ కుళ్ళేనండి నాకు."

ఇంత పెద్ద మాట అతను ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అనేశాడు. ఇన్నేళ్ళూ రావుగారు దాచి దాచి మోసినదాన్ని ఈ మనిషి నవ్వుతూ బయటపెట్టేశాడు. అసూయలో కూడా తోడల్లుడే ఒక మెట్టు పైనున్నాడని తోచి, ఆయనకి కొత్తగా ఇంకొంచెం మండింది.

నాగసతీష్ పళ్ళెం కడిగి గట్టెక్కాడు. తండ్రి చేతిలో కవరు చూశాడు. ముందు దాని గురించి అడగలేదు.

"కురిడీలు అమ్మేసేరంట కదండీ నాన్నగారూ. ఇంకా నీళ్ళు తియ్యలేదు కదా."

"నీకెలా తెలుసు?"

"నెలకోసారి అటకెక్కి ఊపి చూస్తానండి. దక్షిణం వైపు గుట్ట ముందు దిగుద్ది. అదైనా ఉంచాల్సింది."

దక్షిణం వైపు గుట్ట ముందు దిగుతుందన్న సంగతి ఇన్నేళ్ళ వ్యాపారంలో రావుగారు ఎవరికీ చెప్పలేదు. కవరు కొడుకు చేతికిచ్చి, తడిచేతులతో పట్టుకోకు, రేపు తెల్లారకముందే బయల్దేరాలి, నేనూ వస్తున్నానని చెప్పారు. కుర్రాడు ఆయ్ అన్నాడు. అదే మాట, ఎప్పటి మాటే. అయినా రావుగారికి ఆ పూట చాలినట్టనిపించింది.

గురువారం సీటు వచ్చింది. తండ్రి పేరు పిలిచినప్పుడు రావుగారు ముందుకెళ్ళి నిలబడ్డారు. ధర్మరాజు రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు, రావుగారు తప్ప. ఆయనా మాటవరసకే అన్నారు.

ఆ ఏడాదంతా అంబాజీపేటలో రావుగారి బేరం గురించే మాట. కాలేజీలాంటి కాలేజీని గేటు దాకా నడిచి సగానికి దింపిన వైనం ఆయన కొట్టు అరుగు మీద విడతలు విడతలుగా చెప్పారు. చెప్పు తొడుక్కోవడం దగ్గర ఎంతసేపు ఆగాలో కుర్ర వ్యాపారులకి నడిచి చూపించారు. త్రిమూర్తులు కూడా వచ్చి విని, ఆనక తనూ రెండు బేరాల్లో అలా నడిచి చూశాడు. కావ్యకి ఫీజు విషయంలో ఏదైనా పేచీ వస్తే తనకొక్క మాట చెప్పమని రావుగారు అత్తవారింట్లో ధర్మరాజుకి అభయమిచ్చారు. ధర్మరాజు ఆయ్ అన్నాడు. వీరాయమ్మగారు ఎందుకో ఆ రోజు పెరుగు ముందు పెద్దల్లుడికే వేశారు.

ఆ ఏడాది చదువు మధ్యలో మానేసినవాళ్ళందరి దగ్గరా ఆ కాలేజీ మిగిలిన ఫీజులో సగమే తీసుకుంది.